ఏడో లెవెల్

కోఠిలో పొద్దున పదింటికి
ఇనుప షట్టరు పైకి లేస్తూ పెట్టిన కేకను
ఫోనులో పట్టుకొచ్చాను.
నాలుగు రెట్లు సాగదీస్తే
రాక్షసుడి ఊపిరి.

మాధాపూర్‌లో, మూడో అంతస్తులో
ఏసీ ఆపేసిన రాత్రి
మెహజబీన్ వాడికి కాళ్లు గీస్తోంది.
"అడుగు ఎంత బరువుంటుంది?" అంది.
డ్రమ్ మెషీన్ మీద ఒక్కటిచ్చాను.
"ఇంకా" అంది.
బోనాల డప్పు తెచ్చి దాని కింద పరిచాను.
స్పీకరు మీది టీ గ్లాసు
వేలెడు జరిగింది.
"ఆఁ, ఇదీ" అంది.

నా గిటారుకి ఐదే తీగలు.
ఆరోది తెగిన చోట
సింథసైజర్ మూలుగుతుంది.
వాడు చచ్చేదాకా తిరుగుతూనే ఉండాలి పాట,
ఎక్కడ మొదలో ఎక్కడ తుదో
చెవికి అతుకు చిక్కకుండా.
ఆ అతుక్కే పదకొండు రోజులు.
టెస్టింగ్ చేసే నౌషాద్
ఆ పాటలో నూట నలభై సార్లు చచ్చాడు,
ప్రతిసారీ తల ఊపుతూనే.

సోమవారం మీటింగులో
ఏడో లెవెల్ తీసేశారు.
ఫోను వేడెక్కుతోందట.
ఎవరూ గొంతు పెంచలేదు.
మెహజబీన్ ఫోల్డరు పేరు మార్చింది:
పాతవి.

లిఫ్టు రాక మెట్లు దిగుతుంటే
కింద చీకట్లో వాచ్‌మన్ ఐలయ్య
గేటు గొలుసు లాగుతూ
నోటితో వాయిస్తున్నాడు
ధుం... ధుం ధుం తక... ధుం

ఇన్ని రాత్రులూ గోడల్లోంచి విన్నాడు కాబోలు.
సరిగ్గా అతుకు దగ్గర
నేను వేయని దెబ్బ
ఒకటి ఎక్కువ వేశాడు.

మళ్లీ మెట్లెక్కాను.