కొత్త మడత

హిల్ కాలనీల నా మిషను ముందట
ఆటో ఆపి దించిండు లచ్చిరాం నాయక్,
మనిషంత లావు తెల్ల మూట.
శామియానా అనుకున్న.
వడ్ల కుప్పల మీద కప్పే పరదా అనుకున్న.
"తెరచాప, అండాలక్కా. పడవకు పెద్ద తెరచాప.
ఇరవై ఏండ్లు నేవీల చేసిన.
పింఛను పైసలన్నీ గా పడవకే పెట్టిన" అని నవ్విండు.

షాపుల పట్టలె. ఆదివారం బడి వరండాల పరిచినం.
మూడు మూలలు. ఏ మూలా ఇంకో మూల లెక్క లేదు.
రవికె కన్నా ఎక్కువ ఒంపు దానికి,
గాలికి గూడ రొమ్ము ఉంటదని
ఎవరో కొలతలు తీసినట్టు.

గుడ్డ గట్టిగనే ఉన్నది. దారమే పోయింది.
గోటితోని గీకితే పొడిపొడిగ రాలింది కుట్టు.
"ఎండ ముందుగాల దారాన్ని తింటది, తర్వాతనే గుడ్డను.
దింపంగనే కప్పాలె.
ఊకె టపటప కొట్టుకోనియ్యొద్దు.
పెద్దగాలికి కాదక్కా,
కొట్టుకొని కొట్టుకొనే చిరుగుతది."
నాకు మా ఆయన యాదికొచ్చిండు.
ఏమనలె.

మైనం రాసిన దారం, గోనెసంచి సూది,
మిషను మొరాయించిన కాడ చేత్తోనే.
గాలి పెరిగితే సగం దించి కట్టే తాళ్ల కన్నాలు,
బద్దలు దూరే సన్నటి సంచులు,
వాటి కొసల కాడ రాపిడికి అరిగిన మచ్చలు.
ఆడ రెండు పొరలు వేసిన,
చంకల బట్ట వేసినట్టు.

మాపు పోతదని
బోరింగు నీళ్లు బకెట్ల తెచ్చిన.
చెయ్యి అడ్డం పెట్టిండు.
"గా నీళ్లొద్దు. ఆరినంక తెల్లగ పేరుకుంటది,
కుట్లల్ల గరుకు నిలుస్తది. కృష్ణ నీళ్లే తెస్త."

నేను మర్రిగూడ దిక్కు పుట్టినదాన్ని.
గా నీళ్లేం చేస్తయో నాకు చెప్పాల్నా.
బకెటు మోరీల గుమ్మరించిన.

ఆరినంక మడత.
ఆయన ఒక కొస, నేనొక కొస.
మూర వెడల్పున ఇటు, మళ్ల అటు.
పాత మడతల గీతలు కనపడుతున్నయి,
నా చేతులు ఆ గీతల మీదికే పోతున్నయి.
"ఆడ కాదు. జర పక్కకు.
ఎప్పుడూ ఒక్కతీరుగ మడిస్తే
గాడనే విరుగుతది."

మా అక్క ఈదమ్మ మోకాళ్లు
పద్నాలుగో ఏట మడత పడ్డయి.
మళ్ల సాగలె.
దినాం ఒక కొత్త పక్కకు తిప్పి పండవెట్టేది అమ్మ,
ఒక్క కాడనే ఒరుసుకుపోవద్దని.
అమ్మ తెరచాప చూడలె ఎన్నడు.

ఎనిమిది వందలు చెప్పిన, వెయ్యి ఇచ్చిండు.
నీళ్ల మీదికి రమ్మన్నడు.
పెండ్లి జాకెట్లున్నయి, తీరదన్న.

నిన్న పొద్దూకాల, లాంచీల కాడ నిలబడితే
చానా దూరాన, ఏలేశ్వరం గుట్ట దిక్కు
ఒక తెల్ల మొన.
నిండుగ ఉన్నది.
అంత దూరం నా కుట్టు కనపడదు.
అయినా చూసిన,
టపటప కొట్టుకుంటున్న కొంగును
పట్టి నడుముల దోపుకొని.