అడుగు పూత

పదిహేడు రేకు బిళ్ళలు, పసుపు మీద నల్లక్షరాలు,
చొల్లంగి నుంచి పడవలో తెచ్చాను.
పేర్లు రాయడం నా పని, చెట్లు తెలియడం కాదు.
తాళ్ళరేవులో పాలబూత్‌కీ, పెళ్ళి పందిరికీ,
ఎవరు గెలిస్తే వాళ్ళ గోడకీ రాసిన చెయ్యి ఇది.

ఏ బిళ్ళ ఏ మానుకో అడుగుదామంటే
ఫారెస్టాయన ఫోన్లో ఉన్నాడు.
తెడ్డు పక్కన పెట్టి కొప్పాడి నూకరత్నం దిగింది
మోకాటి లోతు బురదలోకి.

ఆకు తిప్పి నాలిక్కి రాసుకోమంది.
ఉప్పగా ఉందా, మడ.
నేలలోంచి మేకులు పొడుచుకొస్తే కళింగ.
మోకాళ్ళు ముడిచి కూర్చున్న వేళ్ళు ఉరడవి.
"ఇది గుగ్గిలం. పూతప్పుడు తేనెటీగలొత్తాయి, నిలబడకు."

తిల్ల దగ్గర మాత్రం నా చెయ్యి లాగేసింది.
దాని పాలు పడే, ఆమె ఎడమ కన్నుకి
పదేళ్ళుగా పొద్దూ మాపూ ఒకటే.

మాఘమాసం. ఆ తిల్ల కొమ్మ కొమ్మకీ మారుతోంది,
కొన్నాకులు పసుపు, కొన్ని సగం సగం,
కొన్ని, నేను డబ్బాలో ఎప్పుడూ కలపలేకపోయిన ఎరుపు.

ఫోను జేబులో పెట్టి ఫారెస్టాయన చెప్పాడు:
రాల్చే ముందు ఆకులోని పచ్చదనాన్ని విరగ్గొట్టి
పనికొచ్చింది చెట్టు కొమ్మలోకి లాక్కుంటుందట.
పసుపు కొత్తగా వచ్చింది కాదు, మొదట్నించీ కిందే ఉంది.
ఎరుపు మాత్రం అప్పటికప్పుడు చేసుకున్నది.
ఎందుకో, చదివినవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారట.

పసుపు నాకర్థమైంది.
పాత బోర్డు గీకితే అడుగు పూత కనపడదూ, అది.
నా రేకులకి అడుగున ఎర్ర రెడాక్సైడ్, పైన పసుపు.
చెట్టుది తిరగబడిన లెక్క.
కానీ కొట్టు మూసేసే రోజున
కొత్త డబ్బా మూత తీసే పెయింటర్ ఎవడు?

నూకరత్నాన్ని అడిగాను.
"నన్నడక్కు, నాకు సగవే కనపడద్ది."

శ్రావణంలో మళ్ళీ పిలిచారు, బిళ్ళలు బాగుచెయ్యమని.
ఎర్ర చెట్టు కోసం వెతికాను. అడవంతా ఒకటే పచ్చ.
తిల్ల బిళ్ళ ఊడి పీతల బొరియల మధ్య పడుంది,
పసుపు లేచిపోయి, లోపలి ఎరుపు బయటపడి.

"రంగు చూసి గురుతెట్టుకున్నావేటి?"
నూకరత్నం నవ్వింది.
"గేదెలు ముట్టని కొమ్మలు చూడు."

చూశాను. ఉంది.
బిళ్ళకి మేకు కొట్టలేదు, పాలొస్తాయని.
కొబ్బరి తాడుతో కట్టాను,
కాస్త వదులుగా.