రెండు బారల లోతు

ముహర్రక్‌లో మూడో సందు తిరిగితే
మేం బాగుచేస్తున్న ఇల్లు.
పగడపు రాళ్ల గోడ. అరచెయ్యి ఆనిస్తే
అన్నీ గుల్లలు, ఎండిన తేనెపట్టులాగ.
గదులెందుకింత ఇరుకని అడిగితే
మేస్త్రీ అన్నాడు: ఆఫ్రికా నుంచి పడవెక్కి వచ్చిన మడదుంగ
ఎంత పొడుగుంటే అంతే ఇల్లు.

వాకిట్లో ఇత్తడి పలక.
ముత్యాల వ్యాపారి పేరు, కొడుకుల పేర్లు, పడవల లెక్క.
దుమ్ము తుడుస్తుంటే మోజా అవ్వ నవ్వింది.
తొంభై దాటిన మనిషి,
పొద్దున్నే కుర్చీ ఈడ్చుకొచ్చి
మా సున్నం తొట్టి పక్కన కూచుంటుంది,
పాకం కుదరకపోతే నాలుక చప్పరిస్తుంది.

"మా నాన్న పేరు లేదే అందులో" అంది
సగం హిందీ సగం అరబ్బీలో.
"ముబారక్. నీళ్ల కోసం మునిగేవాడు."

ఉప్పు సముద్రం అడుగున
తీపి ఊట ఉండేదట.
తోలుతిత్తి మూతి బిగబట్టి దిగడం,
ఊట నోటిమీద విప్పడం, నిండగానే బిగించి
పైకి.
మళ్లీ కిందికి.
ముత్యం తెచ్చినవాడి మీద పాటలున్నాయి.
పాడే గొంతులు తడిపినవాడికి
చెవుల్లో చీము, ఆనక చెవుడు.

"ఎంత లోతు అవ్వా?"
అంకె నోటికి రాలేదు ఆమెకు.
రెండు చేతులూ బార్లా చాపింది.
"బా" అంది. "రెండు బా."

నా తాపీ గోడమీదే ఆగింది.

మెట్‌పల్లి దిక్కు మా తాత ఓర్సు సాయన్న
బావిలోంచి పైకొచ్చి, ఒంటినిండా బురదతోనే
ఇట్లనే చేతులు చాపేటోడు:
"పన్నెండు బారలు దొరా, ఊట తగిలింది."
బావి గట్టుమీద దొర పేరుంది ఇంకా, సిమెంటులో.
తాత పేరు నేను చెప్తే ఉన్నట్టు.

బా, బార.
ఈ మాట ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో,
అసలు తీసుకున్నారో లేదో,
చదువుకున్నోళ్లు తేల్చుకోనీ.
బిడ్డకు లోతు చెప్పాలంటే
ఇద్దరూ చాపినవి చేతులే.

ఆ ఊట ఇప్పుడెక్కడ అని అడిగాను.
అవ్వ గడ్డంతో చూపించింది:
సముద్రం పూడ్చిన చోట, కార్లు నిలిపే జాగా.
మా బావి సంగతి నేను చెప్పలేదు.

ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.
తర్వాత ఆమె తొట్టిలోకి తొంగిచూసి
నాలుక చప్పరించి అంది:
"చాలలేదు. ఇంకో చెంబెడు పొయ్యి."