ఎడమ చక్రం దగ్గర

ఎడమ ముందు చక్రం దగ్గర
ఒక చప్పుడు.
స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు మాత్రమే.
కొరట్టూరు సబ్‌వే దాటాక ఒకసారి,
పాడి బ్రిడ్జి కింద రెండుసార్లు,
మెట్రో కోసం తవ్వి వదిలేసిన చోట
లెక్కపెట్టడం మానేశాను.

మోకాళ్ళ చప్పుళ్ళు వినడం నా వృత్తి.
అన్నానగర్‌లో, విల్లివాక్కంలో
మంచం అంచున కూర్చున్న వాళ్ళ కాలు
అరచేతిలోకి తీసుకుని, వంచి, చాచి
ఇక్కడ అరిగింది, ఇక్కడ వాచింది అని
వేలితో చెప్పగలను.
ఇదీ అలాంటిదే.
కీలు మధ్య మెత్తన పోయింది.
ఎముక వెళ్ళి ఎముకని పలకరిస్తోంది.

ఈ కారుకి నేను మూడోదాన్ని.
ఇంకా ఇరవై రెండు కిస్తీలున్నాయి.

అంబత్తూరు ఎస్టేట్‌లో సర్వీస్ సెంటర్.
చల్లటి గది, బటన్ నొక్కితే కాఫీ,
అద్దానికి అవతల
లిఫ్టు మీద నాలుగు కాళ్ళూ వేలాడేసుకుని నా కారు,
వెనక ముడి ఊడిన ఆస్పత్రి గౌనులో మనిషిలా.

అడ్వైజర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని
గేటు దాకా నడిపి చూశాడు.
కారు నోరు మెదపలేదు.
డాక్టరుని చూడగానే నొప్పి మరిచిపోయేవాళ్ళు
నాకు రోజూ తగుల్తారు,
దాని మీద కోపం కూడా రాలేదు.
"ఒన్నుం ఇల్లె మేడం, సౌండే ఇల్లె."

ఎస్టిమేట్ మాత్రం ఉంది.
ఏసీ డిసిన్‌ఫెక్షన్, ఇంజన్ డ్రెస్సింగ్,
కింద తుప్పు పట్టకుండా కోటింగు
(సముద్రం గాలి మేడం, ఊరు చెన్నై కదా),
వైపర్లు, థ్రాటిల్ బాడీ ఏదో కడగడం.
పద్దెనిమిది వేల నాలుగు వందల పన్నెండు.
చప్పుడు పేరు అందులో ఎక్కడా లేదు.

ఫోన్‌లో రికార్డు చేసింది వినిపించాను.
నా గాజులు, వెనక బస్సు హారను,
ఒక టక్కు,
ఆ వెంటనే ఆటోవాడి మీద నా గొంతు:
"నీ బండి తగలెయ్య, కళ్ళు నెత్తికెక్కినాయా!"

అతని పెన్ను ఆగింది.
బ్యాడ్జి మీద మునిశేఖర్.
వెనక్కి తిరిగి మేనేజర్ గది వైపు ఒకసారి చూసి
టేబుల్ మీదికి వంగాడు.
"మాది తడ దగ్గరమ్మా.
ఆ కోటింగు వేయించబాకండి.
ఇంజన్‌దీ కొట్టేయండి.
మీది లింక్ రాడ్డు పోయింది.
పార్టు లేదు, పది రోజులు పడుతుంది."

బాకండి.
నాయుడుపేటలో మా మేనత్త
పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వకుండా అనే మాట.
ఏ కంపెనీ ట్రైనింగులోనూ
దీన్ని నేర్పి ఉండరు.
ఎస్టిమేట్‌లో రెండు గీతలు కొట్టేటప్పుడు
నా చెయ్యి తేలిగ్గా కదిలింది.

"ఏడాది ప్యాకేజీ ఒక్కటీ తీసుకోండమ్మా, మీ మంచికే."
తీసుకున్నాను.
ఇంటికొచ్చి కూడితే
ముందు చెప్పిన దానికన్నా
మూడు వందలు ఎక్కువ.

మర్నాడు మెసేజీ, తెలుగులోనే:
అమ్మా, కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తారు,
పదికి పది చెప్పండి,
తొమ్మిదన్నా నాకు ఫెయిలే.

ఆ యాస కూడా ప్యాకేజీలో ఒక ఐటమా?
లేకపోతే రెండూ నిజమేనా,
కొట్టేయమన్న చెయ్యీ,
అమ్మిన చెయ్యీ?
రాత్రి ఫ్యాను కింద చాలాసేపు తిప్పి చూశాను.

విల్లివాక్కంలో ఒక ముసలామె.
తెలుగు వినబడిందని
నాకు మజ్జిగ ఇచ్చింది, ఉప్పు ఎక్కువైంది.
ఆరు సిట్టింగులు చాలు ఆమె మోకాలికి.
"పది చేయించుకో పెద్దమ్మా, మళ్ళీ రాదు."
ఆ నెల కిస్తీ కట్టాల్సిన తారీఖు ఐదు.

ఫోన్ వచ్చింది.
పది అన్నాను.
అవతలి అమ్మాయి ఇంకేమైనా చెబుతారా అంది.
అప్పుడే సబ్‌వే దాటుతున్నాను.
వినండి, అన్నాను,
ఫోన్‌ని ఎడమవైపు చాచి.