వాషింగ్ మెషిన్ కాలి కింద

జుబైల్‌ల అమెరికా ఇంజినీరు ఉన్న విల్లా
ఖాళీ చేస్తున్నం.
వాషింగ్ మెషిన్ జరిపితే
కాలి కింద పుస్తకం.
ఊగకుండ పెట్టుకున్నట్టున్నడు.
అట్ట లేదు. ఏండ్ల వరసన పేర్చిన కథలు.
జగిత్యాల డిగ్రీ కాలేజీల
నేను రెండుసార్లు తప్పిన పేపరు
సముద్రం దాటొచ్చి
నన్ను పట్టుకున్నది.

మొదటి పేజీ మీద ఇనుప కాలు ఒత్తిన గుంట,
గుండ్రంగ, రూపాయి బిళ్ళంత.
లోపలికి పోతనే ఉన్నది.

జుమ్మా నాడు క్యాంపుల
పోశాలుకు చదివి చెప్పిన.
మేస్త్రీ. కోరుట్ల దిక్కు.
ముందటి కథలల్ల అంతా మంచు, అడివి,
పాపం చేసినోనికి నిద్ర పట్టని రాత్రి.
ఒక్కో వాక్యం పెండ్లి పందిరంత.
"జర ఊపిరి తీస్కో" అన్నడు పోశాలు.

తర్వాత పడవలొచ్చినయి, గనులొచ్చినయి,
ఊరి యాసల అబద్ధాలు కోసే ముసలోళ్ళొచ్చిన్రు.
పోశాలు లేచి కూసున్నడు:
"యాసను అచ్చేసిన్రా? ఎవ్వలు నవ్వలేదా?"
పరీక్షల ఈ ప్రశ్న రాలే.

తర్వాత పత్రికలు మాటకింతని పైసలిచ్చిన కాలం.
కథ తోకకు మెలిక,
టిఫిన్ డబ్బా మూత లెక్క టక్కున పడేది.
రూముల ఎనిమిది మందికీ అవే నచ్చినయి.
బంగ్లా లతీఫ్ అయితే హిందీల
రెండుసార్లు చెప్పిచ్చుకున్నడు.

యుద్ధాలైనంక వాక్యం బక్కచిక్కింది.
అసలు సంగతి తప్ప
అన్నీ మాట్లాడుకుంటరు మనుషులు.
ఇంకా ఇటు వస్తే,
పని పోయినోడు వంటింట్ల నిలబడి
ఫ్రిజ్ తలుపు తెరిచి
చూస్తనే ఉంటడు.
కథ అయిపోయింది.

"పేజీ చినిగిందా?" అన్నడొకడు.
"లే. గంతే."
అందరు నవ్విన్రు. పోశాలు నవ్వలే.
"మొన్న ఇంటికి ఫోన్ చేసిన.
చెయ్యి కాలిందన్నది మా ఆమె.
ఎట్లనో అడిగేలోపల
బ్యాలెన్స్ అయిపోయింది.
గంతే ఉంటది."

ఆఖర్న రాసినోళ్ళ పేర్లు మారినయి.
ఎక్కడెక్కడి నుంచో పోయినోళ్ళ పిల్లలు.
రాసింది ఇంగ్లీషుల్నే గని
ఏ ఇంట్ల ఏం ఉడుకుతున్నదో
వాసన దాయలే.

అక్కడికొచ్చేసరికి గుంట పల్చబడ్డది,
వేలు పెడితేనే తెలుస్తది.
"వీళ్ళ మీద బరువు పడలేదు" అన్న.
పోశాలు పుస్తకాన్ని అడ్డంగ పట్టి,
గోడ సాపు చూసినట్టు ఒక కన్ను మూసి చూసిండు.
"పడ్డది. మీదోళ్ళు కొంత మోసిన్రు."

క్యాంపుల మెషిన్ గూడ ఊగుతది.
దాని కింద
ఇటుక పెట్టినం.