యాభై ఓముల డబ్బా

కాశిమేడు హార్బరులో, ఐసు కొట్టే మిషను వెనక మా కొట్టు.
ఉప్పుగాలికి మేకులు కూడా ఉబ్బే చోట
సముద్రం పాడుచేసిన గొంతుల్ని బాగుచేస్తాను.

సరంగు ఏసుపాదం వైర్‌లెస్ సెట్టును
తువ్వాల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పడేశాడు.
"మూడు రాత్రులు పిలిచానమ్మా.
ఇంజను చచ్చి, లంగరు అడుగంటక, పిలిచాను.
బామ్మర్ది పోలయ్య పడవ దీపం కనిపిస్తానే ఉంది.
పలకలా."
అప్పట్నుంచీ పెళ్లాన్ని పుట్టింటి గడప తొక్కనివ్వలేదట.
అది కుర్రాడు చెప్పాడు, ఆయన చెప్పలేదు.

నా దగ్గరో పాత పెయింటు డబ్బా ఉంది.
నిండా ట్రాన్స్‌ఫార్మర్ నూనె,
నూనెలో మునిగిన యాభై ఓముల రెసిస్టరు.
ఏరియల్ అనుకుని సెట్టు దాంతో మాట్లాడుతుంది.
అంతా తాగేసి, ఒక్క మాట గోడ దాటనివ్వదు.
చెవిటివాడి ముందు శంఖం అంటారే, ఇదే.
కాకపోతే ఈ చెవిటిది అబద్ధమాడదు.

మూరెడు తీగతో కలిపి, బటన్ నొక్కమన్నాను.
"ఏం మాట్లాడాల?"
"ఏదైనా. ఎవరూ వినరు."
ఆయన మొహం అదోలా అయింది.
మీటరు ముల్లు ఇరవై అయిదు వాట్ల దగ్గర నిలబడింది.
"సెట్టులో తప్పేం లేదు."
"చూశావా మరి!" అన్నాడు,
పంచాయితీ గెలిచినట్టు.

అప్పుడు పడవెక్కాను.
స్తంభం కొసదాకా కోయాక్స్ కేబులు, పన్నెండు మీటర్లు.
డబ్బానూ మీటర్నీ దాని చివర కట్టాను.
కింద నొక్కాడు.
పైన నాలుగు.

పోయినేడు ఎవడో మీటరు పెట్టి,
తిరుగు పవరు రావడంలేదు, ఏరియల్ భేషుగ్గా ఉందన్నాడట.
తిరిగి రాలేదంటే చేరిందని కాదు సరంగూ.
పోయేదాన్నీ తినేసింది, వచ్చేదాన్నీ తినేసింది.

బ్లేడుతో చీలిస్తే
రాగి జడ ఉండాల్సిన చోట పచ్చటి చిలుము.
ఒక్క చుక్క ఉప్పునీరు
నా మణికట్టు మీదికి జారింది.

కొత్త కేబులుకి రేటు చెప్పాను. బేరమాడలేదు.
వేశాక మళ్లీ అదే డబ్బా, అదే కొస. ఇరవై వాట్లు.
చాలు, వదలమని చెయ్యూపాను.
వదల్లేదు.
కింద ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు,
పైకి నాకు వినబడింది పోలయ్య పేరొక్కటే.

కోసిన చిలుము ముక్క అడిగి తీసుకున్నాడు.
జేబులో పట్టక, చొక్కా లోపల దోపుకున్నాడు.
డబ్బా దించుతుంటే దాని మీద అరచెయ్యి వేశాడు.
గోరువెచ్చగా ఉంది.
"ఇదంతా నేనన్నదేనా?"
అవునన్నాను.
అప్పటికే ముల్లు సున్నాకి దిగి
చాలాసేపయింది.