ఆకు పేరు

మా మేనమామ చెంగల్రాయుడు
పశువులకు ఎముకలు కట్టేవాడు.
వెదురుబద్దలు, పాతచీర పేలికలు, కోడిగుడ్డు సొన
అన్నీ అందరి ముందరే పరిచిపెట్టేవాడు.
ఆకు మాత్రం చూపించేవాడు కాదు.
తలుపేసుకొని లోపలే నూరి
పసరు ఒక్కటే బయటికి తెచ్చేవాడు.
ఏం ఆకు మామా, అంటే
'నీకెందుకు పాపా, ఇంకో ఇంటికి పోయేదానివి' అనేవాడు.
పోయినేడు తనే పోయినాడు.
ఆకు ఆ కొండమీద ఎక్కడో ఇంకా మొలస్తానే ఉంటుంది,
పేరు లేకుండా.

నేను పుత్తూరు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని.
మెట్లకింద గదిలో, కాళ్ళిరిగిన కుర్చీల నడుమ
ఒక పాత కంప్యూటరు మీద
బడి నడపతా ఉండాను.
పాఠాలు, పరీక్షలు, మార్కులు,
నాలుగు వందల ఎనభై మంది ఆడపిల్లలు
అంతా దాని పొట్టలోనే.

అంతకుముందు కొన్న సాఫ్టువేరు ఉండేది.
ఏడాది తిరిగిన రోజున
బిల్లు కట్టని ఇంటికి ఫీజు పీకినట్టు
పిలకాయల మార్కులతో సహా తలుపేసుకునింది.
ఇది ఉత్తదే సార్, అన్నాను.
ప్రిన్సిపాల్ దశరథరెడ్డి కళ్ళజోడు మీదుగా చూసినాడు:
'ఉత్తగా ఎవురిస్తారమ్మా?
దాంట్లో ఏముందో నీకేం తెలుసు?'
తెలుసు సార్.
దీంట్లో ఉండే గొప్ప అదొక్కటే.
ఏముందో చూడొచ్చు.

మార్చిలో ఒక పగలు
అర్థశాస్త్రం పరీక్ష మధ్యలో కరెంటు పోయింది.
వచ్చేసరికి లోపలి గడియారం ఒక్కటే పరిగెత్తి
అందరినీ ఓడించేసింది.
నగరి నుంచి బస్సులో వస్తుంది మొగిలీశ్వరి,
మరమగ్గం చప్పుడులో చదువుకునే పిల్ల.
ఏడవలేదు. నన్నే చూసింది.
ఆ చూపు కంటే ఏడుపు నయం.

ఆ రాత్రి కోడు తెరిచినాను.
వేల గీతలు, ఎవురి చేతిరాతో తెలీని రాత.
రెండు దాటినాక, గడియారం తిప్పే గీత పక్కన
ఎవరో ఇంగ్లీషులో రాసిపెట్టిన మాట:
'మా ఊర్లో కరెంటు ఊరికూరికే పోతుంది.
పోయిన నిమిషాలు తిరిగి ఇవ్వాలంటే
ఇక్కడ సున్నాని ఒకటి చెయ్యండి.'
ఏ ఊరో. ఆ పేరు పలకడానికి నాకు నోరు తిరగలేదు.
మొకం తెలీని మనిషి
ఆకు పేరు చెప్పేసి పోయినాడు.
సున్నాని ఒకటి చేసినాను.
చేసి, చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

అప్పు ఉంచుకోకూడదు కదా.
అప్పట్నించి రాత్రిపూట తెలుగు మాటలు రాస్తా ఉండాను,
మీటల మీదికి, హెచ్చరికల మీదికి.
జవాబులు పంపే మీట మీద
నాకంటే ముందే ఎవరో 'సమర్పించు' అని రాసున్నారు.
మొగిలీశ్వరి నొక్కలా.
'ఎంత సమర్పించాలక్కా? నా దగ్గర బస్సు చార్జీనే ఉంది.'
తిరపతి పక్కన పుట్టినోళ్ళం,
ఆ మాట వింటే హుండీనే గుర్తొస్తుంది, ఏం చేసేది.
'పంపు' అని మార్చినాను.
బోరు పంపా అక్కా, అని వెనక బెంచీ నవ్వింది.
చివరికి 'ఇచ్చేయ్' అని పెట్టినాను.
ఎవురూ ఏమీ అడగలా.
నొక్కినారు.

ఆ మాటని అందరికోసం పైకి పంపినాను.
వారానికి జవాబొచ్చింది, మర్యాదగానే:
'ఇది మరీ ఇంటిమాటలా ఉంది. కారణం రాయగలరా?'

మూడు వాక్యాలు రాసి, మూడూ కొట్టేసినాను.
ఎట్ల చెప్పేది?
సాయంత్రం గేటుకాడ
కూతురి భుజం మీద సంచి బరువు చూసి
అమ్మ చెయ్యి చాపి అనే మాట అది.
రాసింది సగమైనా, తప్పయినా,
మోసింది చాలు, ఇచ్చేయ్ అని.

మెట్లకింద ఫ్యాను కిరకిరమంటా ఉంది.
కర్సరు ఆరతా వెలగతా ఉంది.
మళ్ళీ మొదలుపెట్టినాను:
'మా ఊర్లో ఒక ఆకు ఉండేది...'